కంఠసుంకం

మధ్యాహ్న భేరి మోగేలోగా రాజకుమారుడు అరుణకేతుడు చేయవలసిన పనులు ఇవి. పట్టుబట్టలు విప్పి పరదేశి వేషం కట్టాలి. తాను పుట్టి పెరిగిన నగరంలోకి తానే కొత్తవాడిలా బయటినుంచి నడిచి రావాలి. సింహద్వారం పక్కనున్న శంఖశాలలో చొరబడాలి. అక్కడ బారులు తీరిన శంఖాల్లో తన దాది సైకత గొంతు దాగిన శంఖమేదో కనిపెట్టాలి. శంఖపాలుడనే మాంత్రికుడి కళ్లుగప్పి ఆ గొంతును కొండకొమ్ము మీదున్న ఆమెకు చేర్చాలి. ఆమె చేత ఒక్క మంచువల, ఒకే ఒక్కటి, కొత్తగా అల్లించాలి. అందులోంచి నీళ్లు కారడం తండ్రిగారికి కళ్లారా చూపించాలి.

ఇందులో ఏ ఒక్కటి తప్పినా, భేరి మోగగానే సైకతను, ఆమెతోపాటు నగరంలోని పరదేశులందరినీ పొగలోయలోకి గెంటేస్తారు. కన్నతల్లి పురిట్లోనే పోతే అరుణకేతుడికి పాలిచ్చి పెంచినది సైకత. పొగలోయకు అవతల ఆమెకు వెళ్లే ఊరు కూడా లేదు. ఆమె పుట్టిన మౌక్తిక దీవులు ఏనాడో సముద్రంలో మునిగిపోయాయి.

నీహార రాజ్యం వానమబ్బులకు పైన ఉంది. వాన ఆ రాజ్యానికి కింద కురుస్తుంది. కోటగోడ మీద నిలబడి తొంగిచూస్తే మెరుపులు పాదాల కింద పూసినట్టు కనిపిస్తాయి. నది లేదు. బావి తవ్వితే రాయి కింద మళ్లీ రాయే. కాని రోజూ వేకువన లోయల్లోంచి మంచు లేస్తుంది. పాలనురుగులా, పావురాల గుంపులా, నిద్రలో నడిచే తెల్ల ఏనుగుల్లా అది కొండలెక్కి వస్తుంది. కొమ్ముల వెంట నీహారులు ఎత్తయిన దేవదారు స్తంభాలు పాతి, వాటి మధ్య వలలు కట్టారు. మంచు ఆ వలల్లోంచి దూరిపోతూ దారాల మీద తన చెమ్మ వదిలి వెళుతుంది. ఆ చెమ్మ చుక్కలై, చుక్కలు ధారలై, రాతి కాలువల గుండా నగరంలోకి జారుతుంది. కుంకుమపూల చేలకు అదే నీరు, పసిపిల్లల ఉగ్గుగిన్నెలకూ అదే నీరు. ఎండ నడినెత్తికొచ్చేసరికి మంచు విడిపోతుంది. అప్పుడు భేరి మోగుతుంది. ఆ రోజుకు నీటిపంట ముగిసినట్టు.

మౌక్తిక దీవులవాళ్లకు వలలు అల్లడం పుట్టుకతో వచ్చిన విద్య. దీవులు మునిగాక వాళ్లు గుంపులుగా కొండెక్కి వస్తుంటే నీహారులు మొదట సంతోషించారు. అయితే ద్వారాధికారి శంఖపాలుడు ఒక ఆచారం పెట్టించాడు. లోపలికొచ్చే ప్రతి పరదేశీ తన మాతృభాషను ద్వారం దగ్గర ఒక శంఖంలోకి ఊది వదిలేయాలి. బదులుగా అతని నాలుక మీద నీహార భాష రాస్తారు. దానికి కంఠసుంకం అని పేరు పెట్టారు. "మనకు కావలసింది వాళ్ల చేతులు. వాళ్ల మాటలతో మనకేం పని?" అన్నాడు శంఖపాలుడు. సభ తలూపింది. నిజం చెప్పాలంటే అది అందరికీ దయగల పద్ధతిగానే తోచింది.

ఆ దీవుల్లో ముడి వేయడం పాటతో నేర్పుతారన్న సంగతి సభలో ఎవరికీ తెలియదు. ఒక్కో ముడికి ఒక్కో చరణం. నోట చరణం పలికితేనే వేలు కదులుతుంది. భాష శంఖంలోకి పోగానే పాట పోయింది, పాటతో ముడీ పోయింది. వచ్చినవాళ్లు తమ వేళ్లను తామే వింతగా చూసుకుని, చివరికి నీహారుల పాత ముడినే నేర్చుకున్నారు. ఏళ్లు గడిచాయి. వలలు పెరిగాయి, అల్లేవాళ్లు పెరిగారు, తాగే నోళ్లూ పెరిగాయి. ఒక్కో వల ఇచ్చే నీరు మాత్రం ముత్తాతల కాలం నాటి కడవకు చెంబెడు కూడా పెరగలేదు.

నీరు పెరిగే ఉపాయం వెతకడానికి పూర్వం ఒక చోటు ఉండేది. దాని పేరు యత్నమంటపం. రాజ్యంలోని ప్రతి పది కడవల నీటిలో ఒక కడవ ఆ మంటపానికి ఇవ్వాలని ఆది రాజు శాసనం. కొత్త దారాలు, కొత్త స్తంభాలు, కొత్త కాలువలు అక్కడ ప్రయత్నించి చూసేవారు. నూటికి తొంభై చెడిపోయేవి. "చెడగొట్టడానికి కూడా రాజు నీళ్లివ్వాలా?" అని శంఖపాలుడు ఆ పదో కడవను కోటగోడ ఎత్తు పెంచే కూలీలకు మళ్లించాడు. జనం ఆ మంటపాన్ని వృథామంటపం అనడం మొదలుపెట్టారు. పండితులు ఒక్కొక్కరే వెళ్లిపోగా అందులో మిగిలినవాడు చిరంతనుడనే వృద్ధుడొక్కడే.

నిన్న సాయంత్రం బహిష్కారపు ఆజ్ఞ వెలువడగానే అరుణకేతుడు తండ్రి ఉత్తుంగదేవ మహారాజు పాదాల మీద పడ్డాడు. "నీ దాదిని పంపడం నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు రాజు. "ఉన్న నీరు చాలడం లేదు నాయనా. వీళ్లొచ్చాక ఒక్క వల ఎక్కువ నీరిచ్చిందని చూపించు. రేపు భేరి మోగేలోగా చూపిస్తే ఆజ్ఞ వెనక్కి తీసుకుంటాను."

పాటల రహస్యం రాజకుమారుడికి చెప్పినవాడు చిరంతనుడు. కొత్తవాళ్లు భుజాన వేసుకొచ్చిన చిరుగు వలల్లో తానెన్నడూ ఎరుగని ముడిని ఆయన చూశాడు. ద్వారం దాటకముందు వాళ్లు పాడుకోవడమూ గోడమీదినుంచి విన్నాడు. రెంటినీ కలిపి చూడగలిగాడు. చెబుదామంటే ఇన్నాళ్లూ వినేవాడు దొరకలేదు.

శంఖశాల తలుపు సుంకం కట్టే పరదేశులకే తెరుచుకుంటుంది. అందుకే ఆ వేకువన మంటపం వెనకగోడ మీదినుంచి ఒక వెదురుబుట్ట తాడు మీద కిందికి దిగింది. అందులో చింపిరి గొంగళి కప్పుకున్న రాజకుమారుడు, పక్కన చిరంతనుడు.

గోడకింద కాలిబాట అరచేతి వెడల్పు. ఒకవైపు కొండ, రెండోవైపు శూన్యం. ఆ చోటి మంచును నిద్రమంచు అంటారు. దాన్ని పీల్చినవాడికి ఎదురుగా తన సొంత పడకే పరిచినట్టు కనిపిస్తుంది. పడుకుందామని ఒక్క అడుగు పక్కకు వేశాడా, ఇక లేవడు.

"తాతా, ఇంకా ఎంత దూరం?" అన్నాడు అరుణకేతుడు ఆవులిస్తూ.

"దూరం సంగతి అడక్కు బాబూ, కళ్లు మూతలు పడతాయి. నేను చెప్పేది విను. మొదట మేకవెంట్రుకల దారాన్ని ఉడకబెట్టాను. గంజిలా అయి కూర్చుంది."

"ఎందుకు ఉడకబెట్టారు?"

"ఉడకబెడితే ఏమవుతుందో తెలీక."

రాజకుమారుడికి నవ్వొచ్చింది. నవ్వుతో కొంచెం మెలకువా వచ్చింది.

"తరవాత దారానికి బెల్లంపాకం పట్టించాను."

"నీళ్లొచ్చాయా?"

"చీమలొచ్చాయి. వలంతా చీమలే. దూరం నుంచి చూస్తే నల్లటి వల ఎవరో కొత్తగా అల్లారనుకుని అంతఃపురం చెలికత్తెలు మెచ్చుకుని వెళ్లారు."

"ఆ తరవాత?"

"పట్టుదారానికి తేనెమైనం పూశాను. అది మాత్రం ఆశపెట్టింది బాబూ! మన మేకదారం నీళ్లను తాగేస్తుంది, తను తాగ్గా మిగిలింది మనకిస్తుంది. మైనం పూసిన పట్టుదారం చుక్క కూడా తాగలేదు. నీళ్లు దానిమీద ముత్యాల్లా నిలిచాయి. నేను గంతులేశాను. ఇంతలో గాలి వీచింది. ముత్యాలన్నీ ఎగిరిపోయాయి. మన ముడి చుక్కను పట్టుకోదు, దాటిస్తుందంతే. ఆ దారం మాత్రం పారేయబుద్ధి కాలేదు... బాబూ? బాబూ!"

అరుణకేతుడికి ఎదురుగా వెండి ఉయ్యాల కనిపిస్తోంది. దాని దుప్పటి మీద జాజిపూల వాసన. దాది విసనకర్ర విసురుతూ రమ్మని పిలుస్తోంది. అతని కుడికాలు బాట దాటి గాలిలోకి లేచింది. చిరంతనుడు అతని చెవి పట్టుకుని శక్తికొద్దీ మెలిపెట్టాడు.

"అబ్బా!"

"చీమలెంత పెద్దవో చెప్పలేదు నీకు! రా, గోడకు ఆనుకుని నడు!"

అలా ఒకడు చెబుతూ, ఒకడు వింటూ ఇద్దరూ బాట దాటారు. అవతలి మలుపులో సింహద్వారం ముందు బారు కనిపించింది. ఆజ్ఞ సంగతి తెలియని కొత్తవాళ్లు అప్పటికీ మూటలతో కొండెక్కి వస్తూనే ఉన్నారు. భేరి మోగేదాకా ద్వారం పాత పద్ధతినే నడుస్తోంది. ఇద్దరూ బారులో కలిసిపోయారు.

బొద్దుమీసాల భటుడొకడు శూలానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పేరు గండశిల.

"ఏ ఊర్రా?"

"మౌక్తిక దీవి," అన్నాడు అరుణకేతుడు గొంతు మార్చి, నీహార భాష వచ్చీరానట్టు.

"మునిగిపోయిందిగా?"

"అందుకేగా వచ్చాం."

ద్వారం పక్కనున్న మరో భటుడు కిసుక్కున నవ్వాడు. గండశిల మీసం దువ్వుకుని, "ఈ ముసలాడెవడు?" అన్నాడు.

"మా తాత."

"ఏం పనొచ్చు నీకు, తాతా?"

"ఏదీ పూర్తిగా రాదు నాయనా," అన్నాడు చిరంతనుడు నిజాయితీగా.

భటుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే మా వృథామంటపానికి సరిగ్గా సరిపోతావు! అక్కడ నీలాంటి పిచ్చి ముసలాడే ఒకడున్నాడు. జోడీ కుదురుతుంది పో!"

"ఆయన్ని నేనెరుగుదును. మంచివాడే," అన్నాడు చిరంతనుడు.

"మంచివాడే, ఎవరు కాదన్నారు? ఒక్క పనికిరాడంతే. పదండి లోపలికి. కంఠసుంకం కట్టి రండి."

శంఖశాల తలుపు తెరుచుకుంది.

లోపల దీపం లేదు, అయినా వెలుతురుంది. గోపురం దాకా అరలు, ఒక్కో అరలో శంఖాల బారులు. పాలరంగువి, పగడపు రంగువి, నెమలికంఠం రంగువి. ఒక్కో శంఖంలో ఒక గొంతు నిద్రలో ఊపిరి తీస్తోంది. అన్ని ఊపిరులూ కలిసి ఆ శాలలో సముద్రం ఒకటి, కంటికి కనబడని సముద్రం, అలలు అలలుగా లేచి పడుతోంది. ఆ అలల్లో తెలిసీ తెలియని మాటలు. ఎవరో పిల్లను భోజనానికి పిలుస్తున్నారు. ఎవరో పడవ తాళ్లు విప్పమంటున్నారు. ఎవరో ప్రేమించినవాళ్ల పేరు పలుకుతున్నారు, పలుకుతున్నారు, ఆగడం లేదు. అరుణకేతుడు చెయ్యి చాచి ఒక శంఖాన్ని తాకాడు. తన నగరంలో ఇన్నేళ్లుగా ఊరకే నిద్రపోతున్న విద్య ఇదంతా.

"ఇందులో మీ దాదిది ఏదని వెతుకుతాం?" అన్నాడు చిరంతనుడు నీరసంగా.

అరుణకేతుడు కళ్లు మూసుకున్నాడు. పాట మాటలు పోయినా దాది గొంతులో రాగం మిగిలింది. చిన్నప్పుడు అతన్ని నిద్రపుచ్చడానికి ఆమె ఉత్త రాగమే తీసేది. మధ్యలో ఏదో మరిచినదానిలా ఆగి కిటికీ వైపు చూసేది. ఇప్పుడతను ఆ రాగాన్ని మెల్లగా తీశాడు. అలలు సద్దుమణిగాయి. పై అరలోంచి, గులాబీ రంగు శంఖం ఒకటి వణుకుతూ, ఆ రాగానికి మాటలు కలిపింది.

రాజకుమారుడు అరలెక్కి శంఖాన్ని గుండెకు హత్తుకున్నాడు. దూకి తలుపువైపు పరుగుతీయబోయాడు. తలుపే లేదు. తలుపున్న చోట నల్లని అంగీ, తెల్లని గడ్డం, చేతిలో వెన్నెముకల దండం. శంఖపాలుడు!

"ఓహో! రాజకుమారులవారికి గొంగళి బాగా నప్పింది," అన్నాడు మాంత్రికుడు. "తీసుకుపొండి ప్రభూ, ఆ శంఖాన్ని. నేనడ్డుపడను. ఇంటికెళ్లి దాన్లో పూలు పెట్టుకోండి. అది తెరుచుకోదు."

"ఎందుకు తెరుచుకోదు?"

"నా శంఖాలు ఖాళీగా ఉండవు. ఒక గొంతు దిగితేనే ఒక గొంతు లేస్తుంది. దిగినవాడి నాలుక మీద ఈసారి నేనే భాషా రాయను. పరదేశి దాది కోసం ఎవరు మూగవాడవుతారు? తమరా?" అని పకపకా నవ్వాడు.

అరుణకేతుడు శంఖాన్ని పెదవుల దగ్గరికి తీసుకున్నాడు. చిరంతనుడు చటుక్కున దాన్ని లాక్కున్నాడు.

"తాతా! ఇవ్వండి!"

"ఆగు బాబూ, తొందరపడకు. నువ్వు మూగవాడివైతే మీ నాన్నగారికి ఈ పాటల సంగతి చెప్పేదెవరు? నీ మాటైతే రాజుగారు వింటారు. నా మాట ఇన్నేళ్లలో విన్నదెవరు? అది పోతే పట్టణంలో ఎవరికీ తేడా తెలీదు."

"నాకు తెలుస్తుంది!"

"అదీ చాలు. నా తప్పులన్నీ దారిలో నీకు చెప్పేశాను. మిగిలింది చేతులు చూసుకుంటాయి."

ఇలా అని ఆ వృద్ధుడు శంఖంలోకి ఊదాడు. ఆయన గొంతు నీలిపొగలా మెలికలు తిరుగుతూ లోపలికి దిగిపోయింది. మరుక్షణం శంఖంలోంచి తెల్లని తూనీగ ఒకటి పైకి లేచింది. దాని రెక్కల చప్పుడే పాట! గోపురపు కిటికీలోంచి అది బయటికి దూసుకుపోయింది.

"భేరుండా! మింగెయ్!" అని అరిచాడు శంఖపాలుడు.

గోపురం మీద కునుకుతున్న రెండుతలల భేరుండపక్షి గుడారమంత రెక్కలు విప్పి లేచింది. అరుణకేతుడు కిటికీ ఎక్కి గోడమీదికి దూకాడు. కింద ఎండబెట్టిన కుంకుమపూల రాశులు, ఇళ్ల కప్పులు, కాలువల మీది రాతిపలకలు. అతడు కప్పునుంచి కప్పుకు లేడిలా దూకుతున్నాడు. ముందు తూనీగ, దాని వెనక భేరుండం, దాని వెనక రాజకుమారుడు. ఆరేసిన చీరలు చిరిగాయి, కుండలు దొర్లాయి. "ఎవడ్రా నా పెరుగుకుండ!" అని ఒక అవ్వ కర్ర ఎత్తింది. "క్షమించవ్వా, తిరిగొచ్చి కొనిస్తాను!" అని అరిచాడతను గాలిలోంచి.

తూనీగ అలిసింది. భేరుండం ఎడమ తల నోరు తెరిచింది. అరుణకేతుడు ఒంటిమీది గొంగళి తీసి గిరగిరా తిప్పి విసిరాడు. అది పోయి ఎడమ తలకు చుట్టుకుంది. చీకటి కమ్మిన ఎడమ తల కిందికి లాగింది, కుడి తల పైకి లాగింది. ఒకే ఒంట్లోని రెండు తలలు తగవులాడుకుంటూ పక్షి పిండిమర మీద కూలిపడింది. తెల్లని పిండి మేఘంలా లేచింది. ఆ మేఘంలోంచి పరుగెత్తుకొచ్చిన రాజకుమారుణ్ని చూసి కొమ్ము మీది కాపలావాళ్లు దయ్యమనుకుని దారి వదిలారు.

కొమ్ము మీద పరదేశులంతా మూటలతో నిలబడి ఉన్నారు. ఎత్తయిన అరుగు మీద ఉత్తుంగదేవ మహారాజు. భేరి పక్కన కర్ర పట్టుకున్న భేరీవాదకుడు ఆకాశం వైపు చూస్తున్నాడు. మంచు అప్పటికే పలచబడుతోంది. తూనీగ గాలిలో ఒక్క సుడి తిరిగి, బారులో తలవంచుకు నిలుచున్న సైకత పెదవుల మీద వాలి మాయమైంది.

సైకత ఉలిక్కిపడింది. గొంతు తడుముకుంది. ఆ తరవాత ఆ కొండ మీద ఏళ్ల తరబడి ఎవరూ పలకని భాషలో ఒక మాట అంది. వెంటనే ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ అరుణకేతుణ్ని దగ్గరికి లాక్కుని నీహార భాషలో తిట్టింది.

"ఇదేం వేషం రా నాయనా! ఒళ్లంతా పిండేమిటి! అన్నం తిన్నావా?"

"దాదమ్మా, అన్నం తరవాత! ముందు వల అల్లు! భేరి మోగేలోగా!"

ఆమెకు పాట ఎత్తుకోవడమే తరువాయి. వేళ్లు వాటంతటవే లేచాయి. నీటికెరటం ఇసుక మీద రాసినట్టు, మేకదారంలో ముడి వెనక ముడి పూస్తూ పోయింది. ప్రతి ముడి కింద చిన్న దొన్నెలాంటి మడత. చుట్టూ నిలబడిన దీవులవాళ్లు మాటలు తెలియకపోయినా రాగం విని ఊగిపోయారు. స్తంభాల మధ్య వల లేచింది. మిగిలిన మంచు దాంట్లోంచి దూరింది.

చుక్క కూడా రాలలేదు.

మేకదారం నీళ్లు తాగి ఉబ్బిపోయింది. ఆ అందమైన మడతలన్నీ మూసుకుపోయాయి. రాజు నిట్టూర్చి చెయ్యెత్తాడు. భేరీవాదకుడు కర్ర పైకెత్తాడు.

"నాన్నగారూ, ఒక్క క్షణం!" అన్నాడు అరుణకేతుడు.

శంఖాన్ని లాక్కుని మాంత్రికుడు పక్షి వెనక పరుగెత్తగా శాలలోంచి బయటపడిన చిరంతనుడు అప్పుడే రొప్పుతూ, తూలుతూ కొమ్మెక్కాడు. రాజును చూసి నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. గొంతు పోయిన సంగతి ఆయన మరిచిపోయినట్టున్నాడు, ఒకసారి తడబడి నోరు మూసుకున్నాడు. నడుముకు చుట్టుకున్న కండువా విప్పాడు. అందులో ఒక దారపుకండె. మైనం పూసిన పట్టుదారం, తేనెరంగులో మెరుస్తోంది. దాన్ని సైకత ఒళ్లో పెట్టి, వేలితో ఒక చుక్క దారం మీద దొర్లడం చూపించాడు. ఉఫ్ అని ఊది, చుక్క ఎగిరిపోవడం చూపించి ముఖం వేలాడేశాడు. ఆమె వేసిన ముడి వైపు చూపించి, రెండు అరచేతులూ దొన్నెలా పట్టాడు.

సైకత ఆయన ముఖంలోకి చూసింది, దారం వైపు చూసింది. "ఓహో! మీ దగ్గర చుక్క నిలిచింది, పట్టుకునేవాళ్లు లేరన్నమాట! ఇన్నాళ్లూ ఇది పెట్టుకుని ఎక్కడ కూర్చున్నారండీ మహానుభావా?" అని పాట అందుకుంది.

ఆయన ఒక చివర పట్టి దారం వదులుతుంటే ఆమె ముళ్లు వేసింది. ఆయనకు ఆమె పాట అర్థం కాదు, ఆయన మాట్లాడలేడు. అయినా ఇద్దరి చేతులూ ఒకే ఇంట్లో పెరిగినట్టు కదిలాయి. వల చిన్నది, తలుపంత ఉంటుంది. లోయలోంచి చివరి మంచుపాయ ఒకటి బద్ధకంగా లేచి వచ్చి ఆ తలుపులోంచి దూరింది.

దారం మీద ముత్యాలు మొలిచాయి. గాలి వీచింది. ముత్యం కదిలింది, జారింది, ముడి దగ్గరి దొన్నెలో పడింది. దొన్నె నిండి కిందిదానికి అందించింది, అది దాని కిందిదానికి అందించింది. వల అంచునుంచి సన్నని వెండిధార ఒకటి కాలువ రాతిమీద పడి మోగింది. ఆ చప్పుడు వినడానికి కొండ మొత్తం ఊపిరి బిగపట్టింది. భేరి మోగించవలసినవాడు కర్ర కింద పెట్టి, వంగి, దోసిట్లో నీళ్లు పట్టుకుని చూసుకున్నాడు.

ఉత్తుంగదేవుడు అరుగు దిగి వచ్చాడు. పక్కనున్న నాలుగు నిలువుల పాతవల వైపు చూశాడు. దానికింద కాలువ తడిసిందంతే. తలుపంత వల కింద కడవ నిండుతోంది.

అరుణకేతుడు చేతులు జోడించి పాటల సంగతంతా చెప్పాడు. "నాన్నగారూ, మనం మనుషుల్ని లోపలికి రానిచ్చి వాళ్ల విద్యను ద్వారం దగ్గర ఆపేశాం. ప్రయత్నించేవాళ్లకు ఇవ్వాల్సిన కడవను గోడకు పోశాం. తాతగారి దారం ఒక్కటే ఉంటే చుక్కలు ఎగిరిపోయాయి. దాదమ్మ ముడి ఒక్కటే ఉంటే మూసుకుపోయింది. మీరే చూశారు."

రాజు కడవలో వేళ్లు ముంచి ఆ నీళ్లు కళ్లకద్దుకున్నాడు. "సైకతా, నువ్వెక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఎవరూ వెళ్లనక్కర్లేదు," అన్నాడు. "పదో కడవ ఈ రోజునుంచి మళ్లీ యత్నమంటపానిదే. శంఖశాల తలుపులు తెరిపించండి. ఎవరి గొంతు వాళ్లకిచ్చేయండి!"

ఆ మాట పూర్తి కాకముందే నగరం మీద నీడ పరుచుకుంది. పిండి దులుపుకుని లేచిన భేరుండం శంఖశాల గోపురాన్ని గోళ్లతో చీల్చి తీస్తోంది. దాని వీపు మీద శంఖపాలుడు. గోళ్లకు వేలాడే ఇనుపవలలో శంఖాలన్నీ, వేల గొంతులు, గలగలమంటూ పైకి లేస్తున్నాయి.

"గొంతులు కావాలా మహారాజా? ఏడు మబ్బుల అవతల నా అగ్నిదుర్గానికి వచ్చి తీసుకోండి!"

పక్షి కొమ్ము మీదుగా వెళుతుండగా అరుణకేతుడు దేవదారు స్తంభం మీదికి ఎగబాకాడు. "దిగు రా! పడతావు రా!" అని సైకత కేకలు పెట్టింది. అతడు స్తంభం కొనమీద ఒక్కక్షణం నిలిచి ఎగిరి దూకాడు. ఇనుపవల అంచు చేతికి చిక్కింది. కొండ, కాలువలు, కుంకుమచేలు గిర్రున తిరుగుతూ కిందికి జారిపోయాయి. మొదటి మబ్బు అతన్ని మింగింది. తెల్లగా, చల్లగా, చుట్టూ ఏమీ లేదు. తలకు పైన మాంత్రికుడి నవ్వు, చెవిపక్కన శంఖాల గుసగుసలు. ఎడమచేతి వేళ్లు అప్పుడే జారుతున్నాయి.

అతన్ని ఆ మబ్బులో కాసేపు ఉండనివ్వండి, కుర్రవాడు గట్టివాడు. కింద కొండమీద జనం దోసిళ్లతో నీళ్లు తాగుతున్నారు, దాది పాటను మెచ్చుకుంటున్నారు, రాజుగారి మనసును మెచ్చుకుంటున్నారు. దారం ఎవరిదని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా నాదేనని చెప్పడానికి ఆయనకు గొంతు లేదు. అది గులాబీ రంగు శంఖంలో మబ్బుల మీదుగా పోతోంది. ఆయన కొమ్ము అంచున కూర్చుని, ఖాళీ కండె వేళ్ల మధ్య తిప్పుకుంటూ, ఆ పక్షి మాయమైన మబ్బువైపు చూస్తున్నాడు. చదువుతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. చిరంతనుణ్ని గుర్తుంచుకోండి.